పదిహేడో పేజీ

టోకెను నలభై ఒకటి, తలుపు మీద వెలుగుతున్న ఎర్ర అంకె ఇరవై ఆరు, అంటే ఇంకా పదిహేను కళ్ళు. నిన్న ఆపరేషను చేసి మనిషికి ఒక్క కన్నే కట్టారు కాబట్టి పదిహేనుమంది అన్నా పదిహేను కళ్ళన్నా ఒకటే, కంటికి నాలుగు నిమిషాలు వేసుకున్నా గంట పడుతుంది. ఒక మనిషి తన తప్పు ఒప్పుకోవడానికి గంట చాలదా, బోలెడు, అనుకున్నాడు అల్లుడు. అనుకుని పక్క కుర్చీ వైపు చూశాడు. అత్తగారు పరీక్షకొచ్చిన పిల్లలా నిటారుగా కూర్చుని ఉంది. ఎడమ కంటి మీద దూది, దూది మీద చిల్లుల డొప్ప, దాన్ని పట్టుకుని అడ్డంగా నిలువుగా తెల్ల పట్టీలు. కుడి కంటికి ఇంకా పొర తియ్యలేదు, అందులోంచి ఆవిడకు మనుషులు మూటల్లా కనిపిస్తారు. ఒళ్ళో సంచీ, సంచీలో నీళ్ళ సీసా, చేతిరుమాలు, ప్రార్థన పుస్తకం. కట్టు విప్పగానే మొట్టమొదట ఆ పుస్తకమే చదువుతానని నిన్న బల్ల ఎక్కకముందే డాక్టరమ్మకు చెప్పేసింది. "అలాగే పెద్దమ్మా, నా ముందే చదువుదురుగాని" అని డాక్టరమ్మ నవ్వింది. ఆవిడకేం, నవ్వుతుంది, ఆ పుస్తకంలో పదిహేడో పేజీని మార్చి చదివింది ఆవిడ కాదుగా! మూడేళ్ళుగా మార్చి చదివింది తను. దేవుడు లేడని కనిపించినవాడికల్లా చెప్పేవాడు, సాక్ష్యం లేనిదే కాఫీ వేడిగా ఉందన్నా నమ్మనివాడు, అచ్చాఫీసులో నలభై ఏళ్ళు ఒకరి వాక్యంలో తన మాట కలపకుండా ప్రూఫులు దిద్దినవాడు, ముసలావిడకు కళ్ళు కనబడవు కదా అని ఆవిడ దేవుడి పుస్తకంలో సొంత కవిత్వం దూర్చాడు. ఇంకో గంటలో దొరికిపోతాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తొక్కింది ఎక్కడా అంటే ఆ ఒప్పందం దగ్గరే. మూడేళ్ళ క్రితం అత్తగారి చూపు మందగించింది. సరిగ్గా ఆ నెలలోనే ప్రార్థన బృందంవాళ్ళు పెద్దక్షరాల కొత్త పుస్తకమొకటి తెచ్చి చేతిలో పెట్టారు. అక్షరాలు ఎంత పెద్దవైనా ఆవిడకు చీమలబారే. కూతురికి తపాలా ఆఫీసులో కిటికీ మూసి ఇల్లు చేరేసరికి ఆరవుతుంది. ఇంట్లో పగలంతా ఖాళీగా ఉన్న కళ్ళు, అప్పుడే ఉద్యోగం నుంచి దిగిపోయిన అల్లుడివి. "రోజూ ఒక పేజీ చదివి పెట్టు అల్లుడూ, నీకు పుణ్యముంటుంది" అంది. "పుణ్యం నాకెందుకత్తయ్యా, నాకు వినేవాళ్ళు కావాలి" అన్నాడు తను. నిజమే, అచ్చాఫీసులోనైతే కంపోజిటర్లున్నారు, బైండింగువాళ్ళున్నారు, టీ తాగే పది నిమిషాల్లో పరిణామ సిద్ధాంతం మొత్తం వాళ్ళ చెవుల్లో పోసేవాడు, వాళ్ళు "కామాగారు మొదలెట్టారురోయ్" అనుకుంటూనే వినేవాళ్ళు. వాక్యం చివర చుక్క పెట్టడం చేతకాక కామాలతో లాగుతాడని ఆ పేరు. ఇంటికొచ్చాక వినే దిక్కులేదు, భార్య వింటున్నట్టే తలాడిస్తూ నిద్రపోతుంది. అందుకని బేరం కుదిరింది, నాలుగింటికి అత్తగారి పుస్తకంలో ఒక పేజీ, తర్వాత తను పత్రికల్లోంచి కత్తిరించి అట్టకు అంటించుకున్న సైన్సు వార్త ఒకటి, ఎవరూ మధ్యలో లేవకూడదు. ఆవిడ పుస్తకంలో వాక్యం పూర్తయినప్పుడల్లా వింటున్నవాళ్ళు "అలాగే జరుగుగాక" అనాలి. ఆ అలవాటున ఆవిడ సైన్సు వార్తకు కూడా "అలాగే జరుగుగాక" అనేది. పక్షులు డైనోసార్ల వారసులని చదివితే అలాగే జరుగుగాక, సూర్యుడు ఇంకో ఐదువందల కోట్ల ఏళ్ళకు ఉబ్బి ఎర్రబడతాడంటే కూడా అలాగే జరుగుగాక.

ఇరవై తొమ్మిది. ఎదురుగోడ మీద కన్ను బొమ్మ, నిలువునా కోసి రంగులేసి పెట్టారు. ఈ కన్ను మీద ఇంట్లో ఎంత గొడవ జరిగిందో. "కన్ను చూడు అల్లుడూ, ఇంత నాజూకైన సరుకు దానంతటది తయారవుతుందా, ఎవడో చెయ్యి తిరిగినవాడు చేసుండాలి" అని ఆవిడ ఒకరోజు గట్టిగా పట్టుకుంది. ఆ మాట కోసమే కాచుకున్నవాడిలా తను అట్టల కట్ట ముందేసుకున్నాడు. మనిషి కంట్లో వెలుగును పట్టే తెర వెనకుంటే, దాని తీగలు తెర ముందు నుంచి పోతాయి, పోయి పోయి ఒకచోట తెరకే కన్నం పెట్టుకుని బయటికెళ్తాయి, ఆ కన్నం ఉన్నచోట మనందరం గుడ్డివాళ్ళమే. అదే సముద్రంలో ఎనిమిది చేతుల ఆక్టోపస్ ఉంటుంది చూడండి, దాని కంట్లో తీగలు బుద్ధిగా వెనకనుంచి పోతాయి, కన్నమే లేదు, మా అచ్చాఫీసులో ఎవడైనా ఇలా పని చేస్తే సాయంత్రానికి ఉద్యోగం ఊడేది, అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. ఆవిడ "అయితే ముందు మనల్ని చేసి, చెయ్యి తిరిగాక దాన్ని చేశాడేమో" అంది. "మరి చెయ్యి తిరిగాక మనల్నెందుకు బాగుచెయ్యలేదు?" "మనం అడగలేదుగా!" ఆ రోజు తను ఓడిపోయి కూడా ఎందుకు అంతసేపు నవ్వాడో తెలియదు. తిమింగలం సంగతీ అంతే. దాని పూర్వీకులకు నాలుగు కాళ్ళుండేవి, నేల మీద తిరిగేవి, ఇప్పటికీ దాని ఒంట్లో తుంటి ఎముక ముక్కలు మిగిలున్నాయి అని చదివితే, "అంటే నేల మీదికొచ్చి, ఇక్కడి సంత చూసి, మళ్ళీ నీళ్ళలోకే పోయిందన్నమాట, తెలివైంది" అంది. కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళకు కూడా ఇలాంటి శ్రోత దొరకదు. ఆ బొమ్మలో నల్లగుడ్డు వెనక గాజుబిళ్ళలాంటిది ఉంది, నిన్న డాక్టరమ్మ ఆవిడ కంట్లోంచి అలాంటిదాన్నే తీసి కొత్తది పెట్టింది, మనిషి చేసిన బిళ్ళ, పావుగంట పని. దేవుడు బాగుచెయ్యనిది మనిషి చేశాడని నిన్నంతా నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాడు, ఎందుకంటే దొంగకు తేలు కుట్టినట్టుంది తన పరిస్థితి.

అసలు తను నాస్తికుడైందీ అచ్చాఫీసులోనే. ఇరవై మూడేళ్ళ వయసులో ఒకే వారంలో మూడు మతాల పుస్తకాలు ప్రూఫులకొచ్చాయి. ఒకే సీసపు అక్షరాలు, ఒకే సిరా, ఒకే కాగితం. మొదటి పుస్తకం మిగిలిన ఇద్దరూ మంటల్లో పోతారంది, రెండోది మొదటివాళ్ళనూ మూడోవాళ్ళనూ పంపింది, మూడోది ఎవర్నీ వదల్లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని ముగ్గురూ అంటుంటే కుందేలును చూసినవాడెవడని అడగాలనిపించింది, అడిగాడు, అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాడు. అంత తెలిసీ మూడేళ్ళ క్రితం ఆ నాలుగు గంటల వేళ, పదహారు పేజీలు నున్నగా సాగిపోయాక పేజీ తిప్పేసరికి వేలు ఒక వాక్యం మీద ఆగిపోయింది. ఉన్న వాక్యమిది: "నీవు లేవన్నవాడు నీ అగ్నిలో ఎండుపుల్లవలె కాలుగాక, వాని కేకకు నీ చెవి మూసుకొనుగాక." దాంట్లో తను భయపడాల్సిందేముంది, లేని అగ్ని తనను కాల్చదు. కానీ ఎదురుగా ఆవిడ చేతులు జోడించుకుని కూర్చుంది, వాక్యం పూర్తయితే "అలాగే జరుగుగాక" అనాలి, అనేస్తుంది, రోజూ నాలుగింటికి తన కప్పులో చక్కెర తగ్గించి కలిపే మనిషి తన కాలిపోవడానికి అలాగే జరుగుగాక అంటుంది. ఆ మాట ఆవిడ నోటి వెంట వినలేననిపించింది. ప్రూఫులు చదివేవాడి నాలుకకు ఒక రోగముంది, కంటికి తప్పు కనబడితే నోరు ఒప్పు చదివేస్తుంది. చదివేసింది. "నీవు లేవన్నవాడు దారి తప్పి నీ గుమ్మానికి వచ్చినను వానికి కూర్చొన చోటు దొరుకుగాక, వాని మాట నీకు వినబడుగాక." ఎలా తట్టిందో, గ్రాంథికం కూడా ఎక్కడా చెడలేదు. ఆవిడ మామూలుకంటే గట్టిగా "అలాగే జరుగుగాక" అంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడకు ఆ వాక్యం తెగ నచ్చేసింది, రెండుసార్లు చదివించుకుని నోటికి పట్టేసి, ప్రార్థన మందిరంలో తన నలుగురు నేస్తాల ముందు ఒప్పజెప్పింది. అందులో ఒకావిడ, బట్టలు కుట్టే ఆవిడ, "నా పుస్తకంలో అలా లేనట్టుందే" అందట. "నీ చూపు నాకంటే అన్యాయం. మా అల్లుడు అచ్చాఫీసులో నలభై ఏళ్ళు చేశాడు, నమ్మకం లేకపోయినా అక్షరం పొల్లుపోనివ్వడు" అందట అత్తగారు. ఇంటికొచ్చి ఆ ముచ్చట చెబుతుంటే తను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. కుట్టుపనావిడ ఆ వాక్యాన్ని దిండుగలీబు మీద రంగుదారాలతో కుట్టుకుంది. తర్వాత ఇంకో వీధి బృందంవాళ్ళు నేర్చుకున్నారు. మొన్న మందుల దుకాణంలో ఎవరో ముక్కూమొహం తెలియనాయన "దారి తప్పి గుమ్మానికి వచ్చినవాడికి చోటు దొరకాలి బాబూ" అంటూ జరిగి కూర్చోమన్నాడు. తన ఒళ్ళు జల్లుమంది, సిగ్గుతోనా, సంతోషంతోనా? ఇదేగా తను నలభై ఏళ్ళుగా టీబల్ల దగ్గర మొత్తుకున్నది! కణం రెండయ్యేటప్పుడు లోపలి రాతకు నకలు తీసుకుంటుంది, నకలు తీసేటప్పుడు ఎక్కడో తప్పు పడుతుంది, కణంలోనూ ప్రూఫులు దిద్దే ఏర్పాటుంది కానీ అక్కడా ఒకటీ అరా జారిపోతాయి, చాలా తప్పులు ఎందుకూ కొరగావు, కొన్ని ప్రాణం తీస్తాయి, ఏదో ఒకటి బతకడానికి పనికొచ్చి నిలబడిపోతుంది. ఆ దిద్దేవాడు గనక ఒక్క తప్పూ వదలకుండా పనిచేసి ఉంటే మనమింకా బురదలో ఒంటికణాలుగా ఉండేవాళ్ళం నాయనా అని చెప్తే బైండింగువాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. తన తప్పు కూడా నిలబడింది, పిల్లల్ని పెట్టింది. కానీ ఆవిడ నమ్మింది తప్పును కాదు, తనను.

ముప్పై నాలుగు. పక్క వరసలో తాళాలు బాగుచేసే ఆయనట, నల్లకళ్ళద్దాల భార్యను పట్టుకుని కూర్చుని "మీ అమ్మగారా?" అని పలకరించాడు. "మా అత్తగారండి." "అదృష్టవంతురాలు. అంతా పైవాడి దయ కదండీ, ఏమంటారు?" మామూలప్పుడైతే ఏమంటాడు, పైన అంటే ఎంత పైన, గాలి అయిపోయే దాకానా, చంద్రుడి దాకానా అని మొదలెట్టేవాడు. ఇవాళ "అంతేనండి" అన్నాడు. ఆ మాట విని అత్తగారు డొప్పతో సహా తలతిప్పింది. "ఒంట్లో బాగుందా అల్లుడూ?" "బాగానే ఉంది." "పైవాడి దయ అంటే అంతేనండి అన్నావే?" "గొంతు నొప్పిగా ఉందత్తయ్యా." ఇదిగో, ఇదే సందు, ఇప్పుడు చెప్పెయ్యొచ్చు. సైన్సు గొప్పతనం ఏంటత్తయ్యా అని తనే ఎన్నిసార్లు ఊదరగొట్టాడు, మావాళ్ళు తప్పు చేస్తే దాచుకోరు, పెద్ద పెద్ద పత్రికలు కూడా ఫలానా పరిశోధన తప్పు, వెనక్కి తీసుకుంటున్నాం అని పేరుపెట్టి అచ్చేస్తాయి, మీ పుస్తకం ఎప్పుడైనా అలా చేసిందా అని. చెప్పేటప్పుడు గొంతు ఎంత బాగుండేది. "అత్తయ్యా, ఒక మాట." "ముప్పై ఐదు పడిందా?" "పడింది. అది కాదు, పుస్తకంలో..." "పుస్తకం ఉంది, సంచీలోనే పెట్టుకున్నా, నువ్వేం కంగారుపడకు" అని ఆవిడే అల్లుడి చేతిమీద తట్టింది. చల్లటి చెయ్యి, ముడతలు, గోరు పక్కన సూది గుచ్చుకున్న పాత మచ్చ. తను మింగలేక కక్కలేక నీళ్ళ సీసా మూత విప్పి ఒక గుక్క తాగాడు.

నిజం చెప్పాలంటే, గంట నుంచీ తన బెంగ దొరికిపోతాననొక్కటే కాదు. చూపొస్తే ఆవిడ తన పుస్తకం తనే చదువుకుంటుంది, ఇక నాలుగింటికి అల్లుడితో పనేముంది? ఆపరేషను చేయించుకోమని ఏడాదిగా పోరినవాడే తను, భయపడితే బొమ్మలు చూపించి ధైర్యం చెప్పినవాడు తను, కన్ను బాగుపడాలని ఒళ్ళంతా కోరుకుంటున్నవాడు తనే. కానీ బెంగ బెంగే. పెళ్ళైన కొత్తలో ఈ మనిషి తనతో పదేళ్ళు సరిగా మాట్లాడలేదు, దేవుడంటే లెక్కలేనివాడికి పిల్లనిచ్చామే అని ఏడ్చింది, మీరు తినండి, మీరు కూర్చోండి, అల్లుడుగారూ అని మర్యాదతోనే చంపేసేది. నువ్వు అనడానికి ఎంతకాలం పట్టింది! ఇప్పటికీ కోపమొస్తే మీరు అంటుంది, కూరలో ఉప్పు ఎక్కువైందన్న రోజు సాయంత్రం దాకా మీరే. ఇప్పుడీ పేజీ చూసి మళ్ళీ మీరులోకి వెళ్ళిపోతే, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో వెళ్ళిన మనిషి తిరిగి రావడానికి ఎన్నేళ్ళు పడుతుంది? అంత వ్యవధి ఇద్దరికీ లేదు. ఆవిడంటే తనకు ప్రాణం, ఆ సంగతి ఇక్కడ, ఫినాయిలు వాసన కొట్టే ఈ వసారాలో, ముప్పై తొమ్మిదో అంకె కింద తెలియాలా!

నలభై ఒకటి. లోపల గది చల్లగా, సగం చీకటిగా ఉంది. డాక్టరమ్మ పట్టీ ఊడదీస్తుంటే అత్తగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. దూది వచ్చేసింది. కన్ను ఎర్రగా, తడిగా, కొత్తగా పుట్టిన దేన్నో చూస్తున్నట్టు రెండుసార్లు కొట్టుకుంది. గోడమీది అక్షరాల పట్టీ చదవమంటే పైనుంచి కింది వరస దాకా చదివేసింది, కింది వరసలో ఒకటి తప్పితే డాక్టరమ్మకంటే ముందు తనే దిద్దుకుంది. తర్వాత తలతిప్పి అల్లుడికేసి చూసింది. చూస్తూనే ఉంది. "అయ్యో, ముసలాడివైపోయావే!" అంది. డాక్టరమ్మ పకపకా నవ్వి, దగ్గరివి చదవడానికి సొరుగులోంచి అద్దాలు తీసిచ్చి, ఏదీ పుస్తకం అంది. అత్తగారు మొదటి పేజీలో రెండు వాక్యాలు గడగడా చదివేసరికి చాలు పెద్దమ్మా, బయట కూర్చోండి, చుక్కల మందు చీటీ పంపిస్తాను అంది. బయటికొచ్చి పాత కుర్చీల్లోనే కూర్చున్నారు. అద్దాలు ముక్కు మీదికి దింపుకుని ఆవిడ వరసగా పేజీలు తిప్పుతోంది, ఇదెక్కడుంది, నాకిష్టమైంది, అంటూ, తొమ్మిది, పన్నెండు, పదహారు. పేజీ తిరిగింది. తను అరచెయ్యి ఆ పేజీ మీద పరిచేశాడు.

"చదవకండి. ముందు నేనొకటి చెప్పాలి."

"చెయ్యి తియ్యి, వెలుగు తగలట్లేదు."

"ఇందులో మీకిష్టమైన వాక్యం లేదత్తయ్యా. అది నేను కల్పించాను. మొదటిరోజు నుంచీ మార్చి చదివాను. తప్పు నాది, ఎవరిదీ కాదు."

ఆవిడ అల్లుడి వేళ్ళు ఒక్కొక్కటే పైకి లేపి పక్కన పెట్టింది. చూపుడువేలు కింద పెట్టుకుని చదివింది, పెదవులు కదులుతున్నాయి, అగ్ని దగ్గర ఆగాయి, ఎండుపుల్ల దగ్గర ఆగాయి. ఇంకోసారి మొదటినుంచి చదివింది. తాళాలాయన భార్యను లేపి లోపలికి తీసుకెళ్ళాడు. ఎర్ర అంకె మారింది. పుస్తకం మూస్తుందనుకున్నాడు, మూయలేదు.

"మీరు మార్చారా?" అంది.

మీరు. తగిలింది, ఎక్కడ తగలాలో అక్కడే. "మార్చాను."

"ఎందుకూ?"

"మీరు అలాగే జరుగుగాక అంటారని. అందులో ఉన్నది నేనేగా. మంట సంగతి కాదత్తయ్యా. అది ఎటూ లేదు. మీరు అంటుంటే నేను ఎదురుగా కూర్చుని వినాలి కదా." అంతకంటే పొడుగు వాక్యం చెప్పలేకపోయాడు, ఒక్క కామా కూడా పడలేదు.

ఆవిడ అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. తుడవాల్సింది అద్దాలు కాదని ఇద్దరికీ తెలుసు, కానీ కొత్త కన్ను ముట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది.

"అచ్చుతప్పు ఇది" అంది చివరికి.

"కాదత్తయ్యా. పాఠమే అది. మా అచ్చాఫీసులో పాత ప్రతులు కూడా చూశాను, అన్నిట్లోనూ ఇలాగే ఉంది."

"అయితే అన్నిట్లోనూ తప్పే పడింది. ఆయన నాకు డెబ్బై ఏళ్ళుగా తెలుసు. ఇలాంటి మాట అనడు." పుస్తకం అల్లుడి ఒళ్ళోకి తోసింది. "కలముందా? దిద్దు."

సాక్ష్యం ఏదత్తయ్యా, మీకు తెలుసంటే సరిపోతుందా, ఎన్ని ప్రతులు, ఎన్ని శతాబ్దాలు, ఒక్కరికీ తప్పని తోచలేదంటారా, అనాల్సినవన్నీ వరసకట్టి నోటి దాకా వచ్చాయి. జన్మలో మొదటిసారి అన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి. ఒక్కటే మిగిలింది, పనివాడి మాట. "రాసినవాళ్ళని అడక్కుండా దిద్దకూడదత్తయ్యా, అది మా పద్ధతి."

"రాత్రికి నేను చెప్తాలే ఆయనకి. నువ్వు దిద్దు."

తను జేబులోంచి కలం తీశాడు. ఉన్న వాక్యం మీద చదవడానికి వీలుగానే ఒక సన్నగీత కొట్టి, పక్క ఖాళీలో రాయబోతే అక్షరాలు అలుక్కుపోయి కనబడలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. ఆవిడ భుజం మీదుగా వంగి చూస్తోంది.

"కాస్త గుండ్రంగా రాయి, ముసలాడా. రేపు మావాళ్ళు నలుగురూ చూసి రాసుకోవాలి."